నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) దారుల్లో ఏ పూట ఎక్కడ తినాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

నాది విత్తనాల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం. ఇల్లు నల్గొండలో. సీజన్ వచ్చిందంటే వారానికి నాలుగు రోజులు దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అంటూ బండి మీదో బస్సులోనో గడిచిపోతాయి. సెలవు దొరికిందా, "ఊళ్లన్నీ నువ్వే తిరుగుతవ్, మమ్మల్ని ఎప్పుడు తీస్కపోతవ్" అని ఇంట్లో మొదలు. అట్లా ఆదివారాలు కూడా రోడ్డు మీదే. పన్నెండేళ్లుగా ఇదే వరస కాబట్టి, చుట్టాల్లో ఎవరు ఇటు బయల్దేరినా ముందు నాకే ఫోన్ వస్తుంది: "బావా, సాగర్ పోతున్నం, ఎక్కడ తినాలె?" చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నాను. హోటళ్ల పేర్లు కావాలనే రాయలేదు. మా దగ్గర వంటమాస్టర్ దసరాకు ఊరికి పోయి తిరిగి రాకపోతే ఆ హోటల్ పని అయిపోయినట్టే. బోర్డు మాత్రం అట్లాగే వెలుగుతూ ఉంటుంది.

పేర్లు చెప్పకపోతే మాకు ఏం లాభం?

ఏ పూటకు ఏది తినాలో చెప్తాను. హోటల్ కన్నా అదే ముఖ్యం.

చిన్న హోటల్‌లో ఒక్కో వంటకం రోజుకు ఒకటి రెండుసార్లే దిగుతుంది. తెల్లారక ముందే ఇడ్లీ పాత్ర పొయ్యి మీదకు ఎక్కుతుంది. ఎండాకాలం 9 దాటితే పిండి పులుపెక్కి దోశ అంచు కూడా పుల్లగా తగులుతుంది. అన్నం 12న్నరకు దిగుతుంది. 1 లోపు కూర్చున్నవాళ్లకు పప్పు మీద తాలింపు ఇంకా చిటపటమంటూనే ఉంటుంది. అదే బల్ల దగ్గర 3న్నరకు కూర్చుంటే పప్పులో రెండుసార్లు వేడినీళ్లు పడి ఉంటాయి, వేపుడు అడుగంటి ఉంటుంది, వడ్డించే పిల్లాడికి మన మీద కోపంగా ఉంటుంది, ఎందుకంటే వాడు ఇంకా తినలేదు. ఒకే హోటల్‌ని ఒకాయన ఆకాశానికెత్తి, ఇంకొకాయన తిట్టిపోసేది ఇందుకే. ఇద్దరూ వేరే వేరే పూటల్లో తిన్నారు.

రుచి ఒక్కటే కాదు, కడుపు కూడా ఉంది కదా. వండిన తిండి 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. ఆ రెంటి మధ్యా ఉంటే క్రిములు పెరుగుతూ పోతాయి. అన్నం విషయంలో ఇంకో చిక్కు ఉంది. బయట గంటలకొద్దీ ఉన్న అన్నంలో ఒక రకం క్రిమి విషం తయారుచేస్తుంది, దాన్ని మళ్లీ వేడిచేసినా పోదు. నాలుగేళ్ల కింద వనపర్తి నుంచి వస్తూ సాయంత్రం 4 గంటలకు ఒక ఫాస్ట్‌ఫుడ్ బండి మీద ఎగ్ ఫ్రైడ్‌రైస్ తిన్నాను. అన్నం పొద్దున వండిందని తెలుస్తూనే ఉంది, మెతుకు మెతుకు విడివిడిగా, ముట్టుకుంటే చల్లగా. పెద్ద మంట మీద చేస్తున్నాడు కదా ఏమవుతుందిలే అనుకున్నాను. జడ్చర్ల చేరేలోగా బస్సు రెండుసార్లు ఆపించాను. ఆ రాత్రంతా లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్ తాగుతూ లాడ్జిలో పడి ఉన్నాను. అప్పటినుంచి ఫ్రైడ్‌రైస్ తినాలనిపిస్తే రాత్రి 8 తర్వాతే. అప్పటికి రాత్రి బేరానికి వండిన కొత్త అన్నం వచ్చి ఉంటుంది.

తెలియని ఊళ్లో మంచి హోటల్ ఎట్లా పట్టుకోవాలి?

అడిగే తీరులోనే ఉంది. "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే ఎవరైనా సరే ఏసీ ఉన్న ఫ్యామిలీ రెస్టారెంట్ చూపిస్తారు. అది మీమీద గౌరవం. మీరు కారు దిగారు, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, మిమ్మల్ని రేకుల షెడ్డుకు ఎట్లా పంపిస్తారు? అందుకని "అన్నా, నువ్వు పొద్దున ఎక్కడ తిన్నవ్?" అని అడగండి. ఆయన ఒక క్షణం మిమ్మల్ని ఎగాదిగా చూసి, "మీరు తింటరా సార్ ఆడ?" అంటాడు. ఆ ఎదురుప్రశ్న వచ్చిందంటే సరైన చోటికే పోతున్నారు.

ఎవర్ని అడగాలి అన్నది కూడా ఉంది. బస్టాండ్‌లో కండక్టర్లు, ట్రాక్టర్ మెకానిక్‌లు, మార్కెట్ యార్డు హమాలీలు. వీళ్లు రోజూ బయట తినేవాళ్లు, కడుపు పాడైతే ఆ రోజు కూలీ పోయేవాళ్లు. లాడ్జి కౌంటర్‌లో అడక్కండి, అక్కడ కింది అంతస్తులో రెస్టారెంట్ ఉంటుంది.

లోపలికి పోయాక నేను మూడు చూస్తాను. చట్నీ గిన్నె చిన్నదా పెద్దదా: చిన్న గిన్నెలో పెట్టి అయిపోగానే మళ్లీ నింపుతున్నారంటే చట్నీ కొత్తది. పెద్ద బకెట్‌లో ఉండి పైన తడిగుడ్డ కప్పితే కొంచెం ఆలోచించాలి. రెండోది నూనె: బోండాలు కాలే మూకుడులో నూనె నల్లగా, మీద చిక్కటి నురగతో ఉంటే చాయ్ తాగి లేస్తాను. మూడోది, యజమాని తన పళ్లెం ఎక్కడ పెట్టుకుని తింటున్నాడు. 1 గంటకు గల్లాపెట్టె పక్కన అదే పప్పు, అదే కూర తింటున్న యజమాని కనబడితే నాకు ఫుడ్ లైసెన్స్ కూడా చూడాలనిపించదు. చూడాలనుకుంటే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ గోడ మీద ఉండాలి, 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా ఉండాలన్నది రూలు.

గూగుల్ రేటింగ్ చూడొద్దని అనను. నక్షత్రాలు వదిలేసి, కొత్తగా పెట్టిన ఫొటోలు చూడండి. పళ్లెంలో ఏముందో, వెనక కూర్చున్న జనం ఎవరో కనబడుతుంది.

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద పోతుంటే ఎక్కడ ఆగాలి?

65వ నంబర్ జాతీయ రహదారి మీద చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ వరసగా వస్తాయి. సూర్యాపేట దాదాపు సగం దారి. అందుకే అందరూ అక్కడో, అంతకు ముందు నార్కట్‌పల్లి దగ్గరో ఆగుతారు. అక్కడి పెద్ద హోటళ్లలో బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, పిల్లలకు ఐస్‌క్రీమ్ దొరుకుతుంది, పెద్దవాళ్లకు కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది. రుచి సర్దుకుపోవాలి. శనివారం పొద్దున, పండగ ముందు రోజు అయితే టోకెన్ కోసమే అరగంట.

మీకు టైమ్ ఉంటే నార్కట్‌పల్లి దగ్గర నల్గొండ వైపు తిరగండి. ఊళ్లో మధ్యాహ్నం మెస్ భోజనం తిని, పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసి మళ్లీ హైవే ఎక్కవచ్చు. గర్భగుడిలో పొద్దంతా కదలకుండా నిలబడే ఆ స్తంభం నీడ కోసమైనా పోవాలి. మా ఊరని చెప్పడం లేదు. సరే, కొంచెం మా ఊరనే చెప్తున్నాను.

బెంగళూరు హైవే మీద?

షాద్‌నగర్, జడ్చర్ల దాటాక కొత్తకోట, పెబ్బేరు వరకు దాబాలు చాలానే ఉన్నాయి. లారీలు ఆగేవి రాత్రి బాగుంటాయి, పగలు వాటిలో పొయ్యి కూడా సరిగ్గా వెలగదు. ఆ దారిలో పొద్దున పోతుంటే నా సలహా వేరు: కొంచెం ఆకలి ఓర్చుకుని బీచుపల్లి దగ్గర కృష్ణ దాటండి. అవతల నడిగడ్డ, అంటే కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న గద్వాల, అలంపురం ప్రాంతం. అక్కడ టిఫిన్ మారిపోతుంది. మా వైపు బోండా, పూరీ, వడ అయితే అక్కడ ఉగ్గాని, మిర్చి బజ్జీ. బొరుగులు నీళ్లలో ఒక్కసారి ముంచి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో తిప్పి, పైన పుట్నాల పొడి చల్లుతారు. కర్నూలు, రాయచూరు దగ్గర కాబట్టి ఆ రుచి నది దాటి వచ్చింది. కానీ ఉగ్గాని పది నిమిషాల సరుకు. కలిపిన వెంటనే తినాలి. చల్లారితే తడిసిన దూదిలా అవుతుంది. బజ్జీ కాలుతున్నప్పుడే ప్లేటు చెప్పండి, "వేడిది కలిపి ఇయ్యన్నా" అంటే కొత్తగా కలిపిస్తారు.

అలంపురంలో జోగులాంబ, నవబ్రహ్మ ఆలయాలు చూడాలనుకునేవాళ్లు ఈ ఉగ్గాని తినే పోండి. గుళ్లన్నీ నిదానంగా చూసేసరికి మధ్యాహ్నమవుతుంది.

అసలు పాలమూరు జొన్నరొట్టె ఎక్కడ దొరుకుతుంది?

సాయంత్రం 6 తర్వాత, రోడ్డు పక్కన. మధ్యాహ్నం రెస్టారెంట్ మెనూలో "జొన్న రోటీ" అని కనబడితే ఎక్కువసార్లు పొద్దున కాల్చి వేడిచేసిందే వస్తుంది. ఇంట్లో కూడా రొట్టెలు రాత్రి పూటవే కదా.

మహబూబ్‌నగర్‌లో నేను ఎప్పుడూ పోయే ఒకావిడ ఉంది. ఒక చెక్క బల్ల, రెండు పొయ్యిలు, వెనక మోటర్‌సైకిల్ మీద పిండి బస్తా. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. అందుకే మసిలే నీళ్లు పోసి గరిటెతో కలిపి, చెయ్యి కాలుతుండగానే మెదుపుతుంది. ఉండ చేసి బల్ల మీద పెట్టి అరచేత్తో తడుతూ తిప్పుతుంది. కర్ర వాడదు. తట్టిన చప్పుడు మొదట మెత్తగా ఉండి, రొట్టె పలచబడేకొద్దీ గట్టిగా టప్ టప్ మంటుంది. ఆ చప్పుడు విని, "అయింది" అని తనలో తనే అనుకుని పెనం మీద పరుస్తుంది. పైన తడిగుడ్డతో ఒకసారి తుడిచి తిప్పేస్తుంది, పొంగుతుంది. "అక్కా, ఇంకొంచెం పలచగ కొట్టరాదూ" అని ఒకసారి అన్నాను. "పలచగ గావాల్నంటే అప్పడం దిను సార్" అంది. మళ్లీ అనలేదు.

తోడుగా పుంటికూర (గోంగూర) పప్పు, వంకాయ, ఎల్లిపాయ కారం దొరుకుతాయి. ఆదివారం బోటి కూర. కూర కొని రొట్టెలు పార్సిల్ తీసుకుంటే మాత్రం కాగితంలో కట్టించండి. కవర్‌లో వేస్తే ఆవిరికి మెత్తబడి, లాడ్జికి చేరేసరికి ముద్దవుతాయి. షుగర్ ఉన్నవాళ్లు "జొన్నరొట్టె ఎన్ని తిన్నా ఏం కాదు" అనుకుని నాలుగు లాగించేస్తుంటారు. మా మామయ్య అదే చేసి మర్నాడు పొద్దున మీటర్ చూసి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పెట్టాడు. జొన్నలో కూడా పిండి పదార్థమే ఉంది.

నాగార్జునసాగర్ పోతున్నాం. చేపలు ఎట్లా, ఎక్కడ?

అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే, మోసపోయేదీ ఇక్కడే.

ముందు పేర్లు తెలుసుకోండి. జలాశయం చేపల్లో బొచ్చె, రవ్వ, కొర్రమట్ట, జెల్ల, బంగారుతీగ, జిలేబి ఎక్కువ దొరుకుతాయి. కొర్రమట్ట అంటే కొరమీనే, తెలంగాణ రాష్ట్ర చేప. దానికి సన్నముళ్లు చాలా తక్కువ, పిల్లలకు అదే నయం, ధర కూడా దానికే ఎక్కువ. రవ్వ రుచిగా ఉంటుంది కానీ కండలో చీలిన ముళ్లుంటాయి, మాట్లాడుతూ తినే చేప కాదు. "సాగర్ చేప" అని బోర్డు పెట్టినంత మాత్రాన అది ఈ నీళ్లలోదే కానక్కర్లేదు, చెరువుల్లో పెంచిన చేప కూడా అదే బల్ల మీదకు వస్తుంది. చెరువు చేప అయినా తాజాది అయితే నాకు అభ్యంతరం లేదు.

తాజాదో కాదో చూడటం కష్టమేం కాదు. మొప్ప ఎత్తి చూడండి, లోపల ఎర్రగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోతే అది నిన్నటిది. ఎక్కడైనా సరే, ముందే మసాలా పూసి ఎర్రగా పేర్చిపెట్టిన ముక్కల్లో ఇవేవీ కనబడవు. అందుకే అవి కొనను. పూర్తి చేప చూపించి, నా ముందే కోయించుకుంటాను.

ఇక డబ్బుల గొడవ. మూడేళ్ల కింద మా బావమరిది వాళ్లతో పోయినప్పుడు ఒక చోట కిలో ధర అడిగి, సరేనని రెండు కిలోల బొచ్చె చెప్పాం. తీరా బిల్లు దగ్గర చూస్తే చేప ధర వేరు, కోసినందుకు వేరు, వేపినందుకు కిలోకు ఇంత అని వేరు. పళ్లెంలోకి వచ్చింది చూస్తే కిలోన్నర కూడా లేదు. తల, పేగులు, పొలుసు పోయాక అంతే మిగులుతుంది. తూకం తప్పు కాదు, మేం అడగకపోవడం తప్పు. అప్పటినుంచి నోటికొచ్చిన పాఠం ఇది: "బతికున్న చేప తూకమా, కోసినాక తూకమా? వండిచ్చేది కలిపి ఎంత?" ఈ రెండు ముక్కలు ముందు అడిగితే తర్వాత ఎవరికీ మొహం మాడదు. నాటుకోడి చెప్పేటప్పుడు కూడా ఇదే లెక్క.

పూట సంగతి: వలలు పొద్దున తీస్తారు కాబట్టి 11, 12 మధ్య చేప బాగుంటుంది. ఆదివారం జనం ఎక్కువైతే 2 గంటలకు మంచి చేపలన్నీ అయిపోయి, ఐసు పెట్టెలోవి బయటికి వస్తాయి. నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో పోయేవాళ్లు ముందు ఆర్డర్ చెప్పి పోవాలా, వచ్చాక తినాలా అని అడుగుతారు. చెప్పి పోకండి. లాంచీ ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు, ఈలోగా మీ చేప వేగి చల్లారుతుంది. పొద్దున గట్టిగా టిఫిన్ చేసి ఎక్కండి, దిగాక వండించుకోండి.

సాగర్ కట్టకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మా తాత ఆ కట్ట పనిలో రాళ్లు మోసినవాడు. అప్పట్లో అక్కడ కూలీల హోటళ్లలో సంకటి, చేపల పులుసు దొరికేవని చెప్పేవాడు. ఇప్పుడు పులుసు అడిగితే "ఫ్రై ఉంది సార్, పులుసు ఆర్డర్ మీద" అంటారు. గంట ఆగగలిగితే ఆర్డర్ ఇవ్వండి. చింతపండు పులుసుకు వేపుడు సాటిరాదు.

జూరాల చేపలు సాగర్ కన్నా మంచివంటారు, నిజమేనా?

గద్వాలవాళ్లు అంటారు. కట్ట దగ్గర రోడ్డు పక్కన రేకుల షెడ్లలో వేడివేడిగా వేపిస్తారు, కూర్చునే సుఖం తక్కువ, చేప తొందరగా చేతికి వస్తుంది. వానాకాలం కృష్ణకు వరద వచ్చి గేట్లు ఎత్తినప్పుడు చూడటానికి పోయేవాళ్లతో ఇసుక వేస్తే రాలదు. ఆ రోజుల్లో నీళ్లు చూసి వచ్చేయండి, చేప ఇంకోసారి.

శ్రీశైలం రోడ్డు మీద ఎక్కడ తినాలి?

మన్ననూరు చెక్‌పోస్టుకు ముందే. కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, డిండి, హాజీపూర్ దాకా హోటళ్లకు కొదవ లేదు. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. దీనివల్ల రెండు చిక్కులు. సాయంత్రం హైదరాబాద్‌లో లేటుగా బయల్దేరినవాళ్లు గేటు కోసం కంగారుపడి తిండి మానేస్తారు. లేదా తీరిగ్గా తిని గేటు మూసేలోగా చేరలేరు. రెండూ నేను చేశాను. గేటు తప్పిన రాత్రి మన్ననూరులో కారులో పడుకున్నాం, పొద్దున గేటు తీయకముందే అక్కడ చాయ్ హోటల్ తెరిచాడు. ఆ చలిలో ఆ అల్లం చాయ్, బోండా నేను ఇప్పటికీ మర్చిపోలేదు, అయినా ఆ పని మళ్లీ చేయమని ఎవరికీ చెప్పను.

అడవి లోపల కోతులకు తిండి పెట్టకండి. కవర్లు బయటికి విసరకండి.

మటన్ ఏ రోజు తినాలి?

ఆదివారం. ఊళ్లలో మేకలు, పొట్టేళ్లు ఎక్కువగా కోసేది ఆ రోజే. తలకాయ, బోటి, కార్జం దొరికేది కూడా అప్పుడే, అదీ మధ్యాహ్నం 1 లోపు. సోమవారం మటన్ కర్రీ బోర్డు కనబడితే అది ఎప్పుడు కోసిందో అడిగి తినండి. అడిగితే నొచ్చుకునే హోటల్‌వాడు ఉంటే కోడిగుడ్డు పులుసు చెప్పుకోవడం మేలు. శ్రావణం, కార్తీకంలో బేరం పడిపోతుంది, మాంసం తిరిగే వేగం తగ్గుతుంది. ఆ నెలల్లో చిన్న హోటళ్లలో నేను శాకాహారమే.

మహబూబ్‌నగర్‌లో తెల్లవారుజామున పాయా, నహారీ దొరికే చోట్లున్నాయి. 7 లోపు పోవాలి. రాత్రంతా సన్నమంట మీద ఉన్న షోర్వా, భట్టీ నుంచి అప్పుడే తీసిన రొట్టె. 8కి పోతే గిన్నె కడుగుతుంటారు.

ప్రతి ఊళ్లో మండి బోర్డే కనబడుతోంది. తినొచ్చా?

తినొచ్చు, కానీ లోకల్ తిండి అనుకుని తినకండి. ఇది యెమెన్ నుంచి వచ్చిన వంట. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వల్ల హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడి, ఇప్పుడు నకిరేకల్, నాగర్‌కర్నూల్ దాకా వచ్చింది. పిల్లలకు మాత్రం పండగే, కింద కూర్చుని ఒకే పళ్లెంలో తినడం వాళ్లకు ఆట. పక్కన ఇచ్చే మయొనీస్ విషయం చూసుకోండి. పచ్చిగుడ్డుతో చేసే మయొనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది, అంతకుముందు దానివల్ల జనం ఆసుపత్రి పాలయ్యారు కాబట్టి. నేనైతే అది ముట్టను. టమాట చట్నీ ఇంకో గిన్నె అడుగుతాను.

నల్గొండ నీళ్లు తాగొచ్చా? ఫ్లోరైడ్ అంటారు కదా.

న్యాయమైన ప్రశ్న. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ తరతరాల్ని వంకర్లు తిప్పింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. ఈ నీళ్లను శుద్ధి చేయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. మా ఊరి పేరు అట్లా పుస్తకాల్లోకి ఎక్కింది, ఏం చేస్తాం. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించింది కూడా ఈ బాధ చూసే.

మీరు ఒక్క పూట తాగితే ఏమీ కాదు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే చేసే చేటు. ఒక పొరపాటు మాత్రం సవరించాలి: మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. హోటళ్లలో ఇప్పుడు ఎక్కువగా ఆర్‌ఓ ప్లాంట్ క్యాన్లే. నేను భయపడేది ఆ క్యాన్‌కు కాదు, దాని నుంచి నింపి బల్ల మీద పెట్టే పాచిపట్టిన జగ్గుకు. క్యాన్ దగ్గరికి పోయి సీసా నింపుకోండి, ఎవరూ ఏమీ అనరు.

బిల్లులో ఏవేవో వేస్తారు. అన్నీ కట్టాలా?

జీఎస్టీ మామూలుగా 5 శాతం. బిల్లు మీద జీఎస్టీ నంబర్ లేకుండా పన్ను వేస్తే అడగండి. చిన్న వ్యాపారులకు ఉన్న కాంపోజిషన్ స్కీమ్‌లో చేరిన హోటల్ అయితే గిరాకీ నుంచి విడిగా పన్ను వసూలు చేయకూడదు. సర్వీస్ ఛార్జి మన చిన్న ఊళ్లలో అరుదు. హైవే మీద కొత్తగా వచ్చిన పెద్దవాటిలో కనబడితే తీసేయమనండి: తప్పనిసరిగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని నిలబెట్టింది. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

నీళ్ల సీసా దగ్గర మాత్రం జనం పొరబడతారు. కూర్చోబెట్టి వడ్డించే హోటల్ ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లో తీర్పు ఇచ్చింది. బస్టాండ్ కొట్టువాడు తీసుకోకూడదు. నేను బ్యాగులో సీసా పెట్టుకుని తిరుగుతాను, వాదన తప్పుతుంది.

ఆడవాళ్లతో, పెద్దవాళ్లతో పోతే బాత్రూముల సంగతి?

తిండి బాగున్న చోట బాత్రూమ్ ఉండదు, బాత్రూమ్ బాగున్న చోట తిండి ఉండదు. మేం అందుకే రెండుసార్లు ఆగుతాం. ముందు పెద్ద పెట్రోల్ బంకు, తర్వాత చిన్న హోటల్. బంకులో పెట్రోల్ పోయించుకోకపోయినా టాయిలెట్ వాడుకోనివ్వాలి, డబ్బులు తీసుకోకూడదు. తాళం వేసి ఉంటే తాళం చెవి అడగండి. మా ఆవిడ అడిగితే ఇస్తారు, నేను అడిగితే "పనిచేయదు సార్" అంటారు. ఎందుకో అర్థం కాదు.

పూర్తిగా శాకాహారులం. ఇబ్బందా?

టిఫిన్, మధ్యాహ్నం మెస్ భోజనం వరకు ఏ ఇబ్బందీ లేదు. పచ్చిపులుసు ఉందా అని అడగండి, ఎండాకాలం అడిగితేనే తెస్తారు. రాత్రి మాత్రం చిన్న ఊళ్లలో కష్టం, అన్నీ ఒకే పెనం. యాదగిరిగుట్టకు పోతే దర్శనం తర్వాత పులిహోర ప్రసాదం ఎలాగూ ఉంది.

దారిలో కల్లు?

తెలిసిన గీతకార్మికుడు చెట్టు దించి చేతికిస్తే, పొద్దున పూట. దుకాణం కల్లు వద్దు. అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తాగి మా రెండు జిల్లాల్లో ఆసుపత్రి పాలైనవాళ్లు చాలామంది. బండి నడిపేవాళ్లకు ఏ కల్లూ వద్దు. ఎండాకాలం తాటిముంజలు తినండి, తోలుతోనే.

తిరిగొస్తూ ఇంటికి ఏం తేవాలి?

ఎండాకాలం కొల్లాపూర్ మామిడి. నల్గొండ వైపు నుంచైతే బత్తాయి, తోటల దగ్గర సంచీలెక్కన అమ్ముతారు. తొక్క మరీ పచ్చగా, గరుకుగా ఉన్నవి వదిలేసి, పలచటి తొక్కతో చేతికి బరువు తగిలేవి ఏరుకోండి. వనపర్తి వైపు పచ్చి పల్లికాయ దొరికే రోజుల్లో బస్తా మీద చెయ్యి వేయకుండా వచ్చినవాణ్ణి నేను చూడలేదు.

దసరా ముందూ వెనకా అయితే ఇంకేం చూడకండి, సీతాఫలం. జడ్చర్లకు ఇవతల హైవే మీదనే బాలానగర్ ఉంది. దేశంలో సీతాఫలం రకాల్లో 'బాలానగర్' అని చెప్పేది ఈ ఊరి పేరే. రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. పండినవి తీసుకుంటే షాద్‌నగర్ చేరేలోగా కారు సీటుకు అంటుకుంటాయి. కాయ మీద గడులుంటాయి చూడండి, ఆ గడుల మధ్య గీతలు తెల్లగా విచ్చుకుని ఉండాలి. దాన్నే కండ్లు తెరిచిన కాయ అంటారు. అట్లాంటివి గట్టిగా ఉన్నప్పుడే తెచ్చి బియ్యం డబ్బాలో పెడితే రెండు రోజుల్లో మెత్తబడతాయి. కండ్లు తెరవనివి ఎన్ని రోజులు పెట్టినా నల్లబడి రాయిలా అవుతాయి. గంప మొత్తం బేరం చేసేటప్పుడు పైవి చూసి ఊరుకోకండి, "అమ్మా, కింది వరస చూపియ్యి" అనండి. "చూడు బిడ్డా, నాకేం భయం" అని గంప వంచిన చోట కొనండి.